కూటి కోసం కాదు: ఒంగోలు క్లౌ దొర జీవితం



కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా అని మన పెద్దలు అంటుంటారు. కష్టం రానివాడు లోకంలో లేడు. అయితే కష్టం వచ్చినప్పుడు మనిషి దేన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఎంతకాలం నిలబడ్డాడు అన్నదే చరిత్రలో మిగులుతుంది. ప్రతి ఏటా మన సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి ఎన్ని వ్యాసాలు వచ్చినా చాలవు. ఈసారి మేము మన పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించని ఒక వ్యక్తిని ఎంచుకున్నాం. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతంలో ముసలివాళ్ళు ఆయనను క్లౌ దొర అనేవారు.

మనది ప్రభుత్వ హాస్టలు. ఇక్కడ రామాలయానికి వెళ్ళేవారూ, చర్చికి వెళ్ళేవారూ, ఏ గుడికీ వెళ్ళనివారూ ఒకే వరుసలో కూర్చుని భోంచేస్తాం. కాబట్టి ఇది మత ప్రచారం కోసం రాసినది కాదు. నూట యాభై ఏళ్ళ క్రితం పూట గడవని రోజుల్లో మన జాతి జనం తమ విశ్వాసాన్ని ఎలా నిలుపుకున్నారో చెప్పుకోవడం కోసం రాసినది. ఆ కథ క్లౌ దొర జీవితంతో ముడిపడి ఉంది.

విశాఖ తీరం నుంచి ఒంగోలు దాకా

తెలుగునాట ప్రొటెస్టెంటు మిషనరీల పని మొదలైంది మన ప్రాంతంలోనే అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. అయిదేళ్ళు తిరక్కుండానే ఇద్దరూ ఈ గడ్డ మీదే కన్నుమూశారు. వారి శ్రమతో తయారైన తెలుగు సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ ఫలాన్ని వారు కళ్ళారా చూడలేదు.

తర్వాత 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే కూడా ముందు విశాఖపట్నానికే వచ్చారు. శ్రీకాకుళంలో కొంతకాలం ఉండి, చివరకు 1840లో నెల్లూరు చేరి అక్కడ స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా చేరినవారు పిడికెడు మందే. డబ్బు దండగ, ఈ మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో 1853లో చర్చ జరిగింది. ఎలాగో గండం గడిచింది. ఆ మరుసటి సంవత్సరం 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున లైమన్ జువెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి ప్రార్థించారు. అయిదుగురు మనుషులు, ఒక బోడికొండ, అంతే. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. వారు అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

బాల్యం, చదువు

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ దగ్గర జన్మించారు. కలిగిన కుటుంబం కాదు. చిన్నతనంలోనే వారి కుటుంబం పడమటి రాష్ట్రాలకు వలస పోయింది. పడుచు వయసులో ఆయన ప్రభుత్వ సర్వే బృందంలో చేరి, అడవులలో గొలుసు పట్టి భూములు కొలిచారు. భూమి కొలవడం, మట్టి లెక్క కట్టడం అప్పుడే నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ విద్యే వేల ప్రాణాలను నిలబెట్టింది. నేర్చుకున్న పని ఏదీ వృథా పోదు అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఆ రోజుల్లో ఆయనకు భక్తి లేదు, లాయరు కావాలన్న కోరిక మాత్రం ఉండేది. కాలేజీలో చదువుతుండగా మనసు మారి బాప్తిస్మం పొందారు. 1862లో అయోవా రాష్ట్రంలో డిగ్రీ పూర్తి చేశారు. హారియట్ సండర్లండ్ గారిని వివాహమాడారు. 1864 చివర భార్యతో, పసిబిడ్డతో ఓడ ఎక్కి, నెలల తరబడి సముద్రం మీద నానా అగచాట్లు పడి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు రేవులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

ఎర్రగుంట్ల పేరయ్య

క్లౌ దొర కథ చెప్పి పేరయ్య కథ చెప్పకపోతే అది సగం కథే అవుతుంది. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులంలో పుట్టినవాడు. ఊరు తలకొండపాడు, ఒంగోలుకు పడమరగా చాలా దూరం. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. బడి ముఖం చూడనివాడు. అయినా దేవుడెవరు, మోక్షమేమిటి అన్న ప్రశ్న ఆయనను నిద్ర పోనిచ్చేది కాదు. గురువులను ఆశ్రయించి రాజయోగం అభ్యసించాడు. తనకూ కొందరు శిష్యులు ఏర్పడ్డారు. ఎవరో వచ్చి చెప్పేదాకా ఆయన అజ్ఞానంలో పడి ఉన్నాడనుకోవడం పొరపాటు. అంటరానివాడని ఊరు వెలివేసిన మనిషి తన సొంతంగా సత్యాన్ని వెదుక్కుంటూ నడిచాడు.

తోళ్ళ బేరానికి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తును గురించి విన్నాడు. తన మనసు వెదుకుతున్నది ఇదే అనిపించింది. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తర్వాత ఆయన ఊరికి తిరిగి వెళ్ళి, గూడేల వెంట తిరిగి తనవాళ్ళకు తానే చెప్పుకున్నాడు. 1867 జనవరి ఒకటిన ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ దొర తలకొండపాడు వెళితే, అక్కడ చింతతోపులో జనం కొన్ని రోజులకు సరిపడా తిండి మూటగట్టుకుని వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ళలో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర రాకముందే పంటకు నేల దున్ని పెట్టింది పేరయ్య.

ఎవరిని చేర్చుకోవాలి?

క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తలో ఆయన బడికి పై కులాల పిల్లలు వచ్చేవారు. పెద్దింటివాళ్ళు ఆదరంగా మాట్లాడేవారు. అంతలో గూడేల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేము రాము అని పెద్దింటివాళ్ళు తేల్చి చెప్పారు. ఒకవైపు పలుకుబడి, బడి, ఊళ్ళో మర్యాద. ఇంకొకవైపు చెప్పులు కుట్టే చేతులు. ఆ రోజు దొర, దొరసాని వేర్వేరు గదులలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. లోకం నీచంగా చూసేవారినీ బలహీనులనూ దేవుడు ఏర్పరచుకున్నాడన్నది ఆ భాగంలోని భావం. ఇద్దరూ మాదిగల పక్షాన నిలబడ్డారు. పై కులాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు. దొర వెనక్కి తగ్గలేదు.

మూడు నియమాలు

సంఘంలో చేరేవారికి ముఖ్యంగా మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈ రోజు చదివితే ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో వీటి ఖరీదు ఎంతో ఆలోచించండి.

మాదిగ ఊరికి వెట్టివాడు. జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును మోయాలి, పిలిస్తే పనికి పోవాలి. అందుకు ప్రతిఫలంగా కల్లంలో నాలుగు గింజలు, చచ్చిన గొడ్డు మాంసం. ఆదివారం రాను అంటే కల్లం గింజలు పోతాయి. డప్పు కొట్టను అంటే ఊరు మొత్తం పగబడుతుంది. అలాగే జరిగింది. కొన్ని ఊళ్ళలో నీళ్ళు తోడుకోనివ్వలేదు, చాకలిని మంగలిని ఆపేశారు, దొంగతనాలు అంటగట్టి కొట్టించారు. చేరడం వల్ల వాళ్ళకు మొదట దక్కింది దెబ్బలే, అన్నం కాదు. అయినా పదేళ్ళలో ఎనిమిది మంది మూడు వేలు దాటారు. ఇది కరువుకు ముందు మాట అని గుర్తు పెట్టుకోవాలి.

ధాత కరువు

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలు ఎండిపోయాయి. మరుసటి ఏడు కూడా కరువు తీరలేదు. దాన్నే జనం ధాత కరువు అన్నారు. లక్షల మంది చనిపోయారు. పశువులు పోయాయి. ఆకులు, అలములు, దుంపలు, గడ్డి గింజలు తిని బతికారు. ఆకలికి తోడు కలరా వచ్చిపడింది. కరువులో ముందుగా చచ్చేది కూలివాడే. పొలం లేదు, గాదె లేదు, అప్పు ఇచ్చేవాడు లేడు.

ప్రభుత్వం సహాయపు పనులు తెరిచింది. కానీ ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని కోసేశాడు. రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితో కాస్త చిల్లర. అదీ చేతికి వచ్చేసరికి మధ్యలో పై కులాల మేస్త్రీలు ఉండేవారు. మాదిగలు ఆ శిబిరాలకు వెళ్ళడానికే భయపడేవారు. వెళితే తిట్లు, దెబ్బలు. వెళ్ళకపోతే చావు.

కాలువ

అప్పుడు క్లౌ దొర సర్వే గొలుసు పట్టిన పాత రోజులు గుర్తు చేసుకున్నారు. కరువు పనుల కింద ప్రభుత్వం సముద్ర తీరం వెంబడి పడవల కాలువ తవ్విస్తోంది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చింది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల మీదుగా మద్రాసు దాటి పోయే ఆ కాలువలో దాదాపు మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకున్నారు. మతబోధకుడు కాంట్రాక్టరు కావడం ఏమిటని ఎవరైనా నవ్వి ఉండవచ్చు. ఆయనకు కావలసింది తనవాళ్ళు తిట్లు పడకుండా పని చేసి, కూలి చేతికి తీసుకుని, బతికి బట్టకట్టడం.

పాకలు వేయించారు, మంచినీళ్ళ బావులు తవ్వించారు. పై మేస్త్రీల బదులు తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. జట్లు కట్టి, కొలత ప్రకారం మట్టి తవ్వించి, లెక్క ప్రకారం కూలి ఇచ్చారు. క్రైస్తవులకే పని అని షరతు పెట్టలేదు. మాల, మాదిగ, ఇతర కులాల కూలీలు వేల సంఖ్యలో వచ్చారు. బలహీనులు కొందరు దారిలోనే ప్రాణాలు విడిచారు. చేరినవారు పొద్దంతా తవ్వి, మట్టి తట్టలు దించి, సాయంత్రం చెట్ల కింద అలసి కూర్చునేవారు. పక్కనే కూర్చున్న మేస్త్రీ పగలు కొట్టనివాడు, తిట్టనివాడు, తమ గూడెం మనిషి. అతను చెప్పే మాటలు వినేవారు. ఆకలి ఉన్నచోట, అవమానం లేనిచోట, ఆ మాటలు మనసుకు పట్టాయి.

పదిహేను నెలలు

ఇక్కడే క్లౌ దొర జీవితంలో అసలైన పరీక్ష వచ్చింది. కాలువ మీద వందలు, వేలుగా జనం వచ్చి మమ్మల్ని చేర్చుకోండి అని అడిగారు. ఏ మిషనరీ అయినా ఎగిరి గంతేయవలసిన సమయం. ఆయన ఒప్పుకోలేదు. కూలి ఇచ్చే చేతితో బాప్తిస్మం ఇస్తే, వీళ్ళు కూటి కోసం చేరారని లోకం అంటుంది. నిజంగా కూటి కోసమే చేరితే ఆ విశ్వాసం వాన పడగానే కొట్టుకుపోతుంది. అందుకని కరువు పనులు, సహాయ నిధుల పంపిణీ సాగినంత కాలం, సుమారు పదిహేను నెలలపాటు, ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారిని ఊళ్ళకు వెళ్ళి ఆగమన్నారు.

ఆగమన్నవాడి నిగ్రహం గొప్పదే. ఆగినవాళ్ళ సంగతి కూడా ఆలోచించండి. కడుపులో ఆకలి, ఇంట్లో చావులు, ఊళ్ళో వెలి. చేరుతామంటే చేర్చుకునేవాడు కాదంటున్నాడు. వేరే ఆశ చూపే దిక్కు లేదు. పదిహేను నెలలు అలా ఆగడం ఒక రోజు నిప్పుల్లో నడవడం కంటే కష్టమని మాకు అనిపిస్తుంది. వాళ్ళు ఆగారు.

వెల్లంపల్లి

1878 నడిమికి వచ్చేసరికి కరువు తగ్గింది, కాలువ పని అయిపోయింది, పంచే డబ్బు లేదు. ఇక సాయం లేదని, ఎవరిళ్ళకు వారు పోయి పనులు చూసుకోవాలని క్లౌ దొర కబురు చేశారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బోధకులతో, జనంతో మాట్లాడడానికి వెళ్ళారు. అక్కడ వేల మంది కూర్చుని ఉన్నారు. మాకు డబ్బు వద్దు, కూలి అడగము, మా కండలతో బతుకుతాము, మమ్మల్ని సంఘంలో చేర్చుకుంటే చాలు అని వాళ్ళు అడిగినట్లు ఆయన రాసుకున్నారు. ఇక కాదనడానికి ఆయనకు కారణం దొరకలేదు.

ఊరు ఊరుగా కూర్చోబెట్టి, ఆ ఊరి బోధకుడు ఎరిగినవారిని విచారించి, పేర్లు రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మం పొందారు. 2,222 మంది చేరిన ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, చీకటిపడే దాకా ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి చేరినవారు తొమ్మిది వేలు దాటారు. పాతికేళ్ళ క్రితం దండగ అని మూసేయబోయిన మిషన్ అది.

కరువు కోసం చేరారన్న మాట అప్పటికీ ఆగలేదు, ఇప్పటికీ కొందరు అంటూనే ఉంటారు. చేరిన ప్రతి ఒక్కరూ చివరిదాకా నిలిచారని మేము అనము. ఏ జనంలోనైనా జారినవారు ఉంటారు. కానీ కూడు పంచినంత కాలం తలుపు మూసి, కూడు అయిపోయాక తలుపు తీసిన చోట చేరినవారిని కూటి కోసం చేరారనడం న్యాయం కాదు.

చివరి దశ

ఆ తర్వాత క్లౌ దొర గూడేలలో బడులు పెట్టించడం మీద దృష్టి పెట్టారు. ఊరి బోధకుడే ఊరి పంతులు. చెట్టు కింద, పాకలో, ఇసుకలో అక్షరాలు దిద్దించిన బడులు అవి. 1880లో ఒంగోలులో హైస్కూలు మొదలైంది. బోధకులకు శిక్షణ ఇచ్చే విద్యాలయం రామపట్నంలో అప్పటికే నడుస్తోంది. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మళ్ళీ ఒకే రోజు 1,671 మంది బాప్తిస్మం పొందారు. 1893లో ఆయన భార్య హారియట్ మరణించారు. తరువాత ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. మాదిగ బోధకుల జీవితాలను వారి నోట విని పుస్తకంగా రాసిన విదుషి ఆమె. పేరయ్య వంటివారి కథ నేడు మనకు తెలిసిందంటే ఆ తల్లి పుణ్యమే. 1910 నవంబరులో క్లౌ దొర అమెరికాలో తుదిశ్వాస విడిచారు. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది.

మనం తెలుసుకోవలసినది

తమ్ముళ్ళూ, ఈ కథ చదువుతున్నప్పుడు మాకు పదే పదే మన హాస్టలు గుర్తుకొచ్చింది. హాస్టల్లో ఉండి చదివిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట పడ్డవాడే. వీళ్ళు చదువు కోసం వచ్చారా, కూటి కోసం వచ్చారా అన్న మాట. మేమూ విన్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. మా అమ్మానాన్నలు చోడి అంబలి తాగి మమ్మల్ని ఇక్కడికి పంపినది అన్నం దొరుకుతుందని కూడా. దానికి మేము సిగ్గుపడము. ఆకలి ఉన్నవాడు అన్నం తినడం తప్పు కాదు. కాలువ తవ్వినవాళ్ళు కూలి తీసుకున్నారు, అది వాళ్ళ కష్టార్జితం. అన్నం తిన్నంత మాత్రాన వాళ్ళ విశ్వాసం అబద్ధం కాలేదు. మెస్సులో భోంచేసినంత మాత్రాన మన చదువూ అబద్ధం కాదు. హాస్టలు వదిలి వెళ్ళాక, అన్నం పెట్టేవాడు లేనప్పుడు కూడా పుస్తకం పట్టుకున్నామా లేదా అన్నదే మన వెల్లంపల్లి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నాడు కూడు కోసం చేరారన్నారు. నేడు సంగతి తలకిందులైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా వర్తించదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. సర్టిఫికెట్టులో ఒకటి, ఆదివారం ఒకటి అన్నట్లు బతకవలసిన పరిస్థితి ఎన్ని కుటుంబాలలో ఉందో మనలో కొందరికి బాగా తెలుసు. మతం మారినంత మాత్రాన ఊరి చివర ఇల్లు ఊరి మధ్యకు రాదు, కులం పేరు పోదు. ఎస్సీ హోదా ఇవ్వాలా వద్దా అన్నది పెద్దలు తేల్చవలసిన విషయం. కానీ విశ్వాసానికి ఖరీదు కట్టడం ఆనాడూ జరిగింది, ఈనాడూ జరుగుతోంది. ఆ ఖరీదు ఎప్పుడూ లేనివాడే కడుతున్నాడు. కాబట్టి మీ పక్క మంచం మీద పడుకునే మిత్రుడు నిద్రపోయే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే నవ్వకండి. అతని తాత ముత్తాతలు దానికి ఏం చెల్లించారో మనకు తెలియదు.

పరీక్ష తప్పినప్పుడు, నాన్న కూలికి పోలేక మంచం పట్టినప్పుడు, ఉద్యోగం రాక ఏళ్ళు గడుస్తున్నప్పుడు ఇక మనవల్ల కాదు అనిపిస్తుంది. అప్పుడు బోడికొండ మీద చలిలో నిలబడిన అయిదుగురిని తలచుకోండి. చదువు రాకపోయినా సత్యాన్ని వెదికిన పేరయ్యను తలచుకోండి. చేర్చుకోము, ఆగండి అంటే పదిహేను నెలలు ఆగిన పేరు తెలియని వేల మందిని తలచుకోండి. మీ దేవుడు ఎవరైనా కావచ్చు, మీ నమ్మకం దేని మీదైనా ఉండవచ్చు. దాన్ని కరువులో వదలకండి.

చిన్న తరగతుల తమ్ముళ్ళు ఈ ఏడు బాగా చదివి, వచ్చే సంచికలో ఎర్రగుంట్ల పేరయ్య మీద మాకంటే మంచి వ్యాసం రాయాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.